భీమమ్మ మిశ్రి

నారాయణఖేడ్‌లో మధ్యాహ్నం తిండ్లు అయ్యాక ఆ గల్లీలోకి ఎవరు అడుగుపెట్టినా ముందు ముక్కుకు తగిలేది పొగాకు మాడుతున్న వాసన. ఆడవాళ్లు గిన్నెలు తోమి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఇనుప పెనం పొయ్యి మీద పెట్టేవాళ్లు. దాని మీద ఎండు పొగాకు వేసి, నల్లగా మాడేదాకా కదిపి, చల్లారాక అరచేతుల మధ్య నలిపితే మెత్తటి నల్లపొడి అవుతుంది. దాన్నే మిశ్రి అంటారు. చూపుడువేలితో ఆ పొడిని పళ్లకూ చిగుళ్లకూ రుద్దుకుంటూ, రెండు వేళ్లు పెదాలకు ఆనించి ఉమ్ముతూ గడపల్లో కూర్చుంటే పొద్దు వాలేదాకా ముచ్చట్లే ముచ్చట్లు. మొగుడు బీడీ ముట్టిస్తే ఇల్లు ఎగిరిపోయేలా తిట్టే ఇల్లాళ్లు కూడా దీన్ని తప్పనుకోరు. పళ్లు తోముకోవడం కూడా తప్పేనా అని మనల్నే ఎదురడుగుతారు.

మిశ్రి చేయడంలో భీమమ్మ చెయ్యి తిరిగిన మనిషి. ఆమె చేసిన పొడి కోసం పక్క గల్లీ వాళ్లు కూడా చిటికెడు అడగడానికి వచ్చేవాళ్లు. కోడలు వినోద మాత్రం ఆ వాసన వస్తేనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. కల్హేర్ నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో పన్ను సలుపుతోందని చెప్తే, భీమమ్మ వేలికి పొడి అద్దుకుని నోటిదాకా తెచ్చింది. వినోద మూతి తిప్పేసుకుంది.

"నా అత్త నాకు పెట్టింది, నేను నీకు పెడ్తున్న. గిండ్ల ఏముందే?" అంది భీమమ్మ, నొచ్చుకుని.

ఆ ఇంట్లో అదొక ఆనవాయితీ. కోడలి నోట్లో మొదటిసారి అత్త వేలే పెట్టాలి. వినోద మొండికేసింది. ఆ తర్వాత మహానంద పుట్టి, పళ్లు వస్తూ పిల్ల చీకాకు పడుతుంటే, భీమమ్మ మళ్లీ డబ్బీ తీసింది. అప్పుడు మాత్రం వినోద ఊరుకోలేదు. "నా బిడ్డ నోట్లె గది పెట్టినవంటే బిడ్డను తీస్కొని తల్లిగారింటికి పోత, ఇగ రాను" అని గల్లీ అంతా వినేలా చెప్పింది. మొగుడు దత్తు ఆటో నడుపుతాడు. తల్లికీ పెళ్లానికీ నడుమ ఇరుక్కున్నప్పుడల్లా, ప్యాసింజర్లు వచ్చారని చెప్పి బయటపడేవాడు.

ఆ తర్వాత కొన్నేళ్లకు భీమమ్మ బుగ్గ లోపల తెల్లటి మచ్చ ఒకటి లేచింది. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మచ్చ పుండయ్యాక వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగింది. గల్లీ చివర సూదులిచ్చే డాక్టరు ఎర్రగోలీలు రాసిచ్చాడు. గట్టి పళ్లు వాటంతటవే కదిలి ఊడాయి. నోరు తెరుచుకోవడం తగ్గింది. చివరికి దవడ వాచి, చర్మం పగిలి, బుగ్గకు రంధ్రం పడ్డాక అప్పుడు పట్నం పెద్దదవాఖానకు తీసుకుపోయారు.

అక్కడి డాక్టరు ఓపికగల మనిషి. వినోదను పక్కన కూర్చోబెట్టి చెప్పాడు. "క్యాన్సర్లు ఎన్నో రకాలమ్మా. కొన్ని ఎందుకొస్తాయో మాకే తెలియదు. రక్తంలో వచ్చేవి ఉన్నాయి, గర్భసంచికి వచ్చేవి ఉన్నాయి. దీనికి మాత్రం కారణం మీ అత్త నల్లబడ్డ వేలు చూస్తే తెలుస్తుంది. ఏళ్ల తరబడి అదే చోట రుద్దింది. మచ్చ ఉన్నప్పుడే తెచ్చి ఉంటే కోసి తీసేసేవాళ్లం. ఇప్పుడు ఎముకలోకి పోయింది."

ఇంటికి తెచ్చి లోపలి గదిలో పడుకోబెట్టారు. మాట పోయింది. ఏదన్నా చెప్పబోతే రంధ్రంలోంచి గాలి తప్ప మాట వచ్చేది కాదు. అంత బాధలోనూ ఆమె అడిగింది ఒక్కటే. చూపుడువేలు పైకెత్తి, చిగుళ్ల వైపు చూపించి, కోడలి కళ్లలోకి చూసేది. వినోద పెట్టలేదు. పచ్చి పుండు మీద ఆ పొడి పెట్టడానికి చేతులెలా వస్తాయి? "వద్దత్తా, మండుతది" అని బతిమాలేది. వేలు అట్లా పైకెత్తి ఉండగానే భీమమ్మ పోయింది. దాన్ని మడవడానికి దత్తు చాలాసేపు తంటాలు పడ్డాడు.

2009లో, తొలకరికి ముందు ఎండలు మండిపోతున్న రోజులవి. మూడోనాడు ఆమెను పూడ్చిన బొంద దగ్గర పిట్టకు పెట్టారు. విస్తట్లో జొన్నరొట్టె, కందిపప్పు, కోడికూర, సీసాలో కల్లు, పోయినామెకు ఇష్టమైనవన్నీ పెట్టి అందరూ దూరంగా నిలబడ్డారు. కాకి ముడితే పోయినవాళ్లు తృప్తి పడ్డట్టు. కాకులు వచ్చాయి. చుట్టూ వాలాయి. ఒక్కటీ విస్తరి దగ్గరికి రాలేదు.

కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని అర్థం. బతికినవాళ్లు మాటివ్వాలి. దత్తు చేతులు జోడించి, బిడ్డను బాగా చదివిస్తానన్నాడు. ఇల్లు బాగుచేయిస్తానన్నాడు. కాకి కదలలేదు. ఎండకు మహానంద ఏడుపు అందుకుంది. అప్పుడు భీమమ్మ అక్క ఇంద్రమ్మ వినోద వైపు తిరిగింది. "నువ్వు మిశ్రి పెట్టలేదు గదా దానికి, నువ్వే చెప్పాలె. జల్దీ చెప్పు, పోరి సొమ్మసిల్లుతుంది."

అలసట, ఎండ, కొంగు పట్టుకుని ఏడుస్తున్న పిల్ల. ఏదో ఒకటి అనేసి ఇంటికి పోతే చాలనిపించింది వినోదకు. "అత్తా, ఇగ నీ మాటకు అడ్డం రాను. నీ ఇష్టమున్నట్టే కానీ" అంది.

నోరు మూయకముందే కాకి వచ్చి విస్తట్లో దిగింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. తాను ఏ మాటకు అడ్డం రానందో వినోదకు అప్పుడు తట్టనే లేదు.

ఇంటికి వచ్చి మిగిలిన పొగాకునంతా మోరీలో పారబోసింది. పెనం ఇసుకతో తోమి బోర్లించింది. కొన్నాళ్లు ఏమీ లేదు. వానలు మొదలయ్యాక, సాయంత్రంపూట వాసన రావడం మొదలైంది. పొగాకు మాడుతున్న వాసన. పొయ్యి చల్లగా ఉండేది. "పక్కింటోళ్లు మాడుస్తున్నరే" అన్నాడు దత్తు. పక్కింటివాళ్లు అప్పటికి నెలనాళ్లుగా సిర్గాపూర్‌లో పెళ్లిపనుల్లో ఉన్నారు. ఇంటికి తాళం ఉంది.

ఒకరోజు పొద్దున్నుంచీ వాన. పొద్దుగూకే వేళకు ఇంకా ముదిరింది. రేకుల మీద వాన మోతకు బయటి చప్పుడేదీ వినబడటం లేదు. దత్తు ఫోన్ చేశాడు. "వాగు రోడ్డు మీదికొచ్చింది. నేనిక్కడనే ఉంట. తలుపు గట్టిగ పెట్టుకో" అన్నాడు. ఫోన్ పెట్టేసేలోపే కరెంటు పోయింది.

వినోద తడుముకుంటూ చిమ్నీ దీపం వెలిగించింది. తడి గోడల ముక్కిన వాసన. కిరసనాయిలు వాసన. వాటి కింద, మెల్లమెల్లగా, ఆ మూడో వాసన. పెనం వైపు చూసింది. బోర్లించినట్టే ఉంది. చెయ్యి పెట్టింది. చుర్రుమంది.

కాలిన వేళ్లు కొంగులో చుట్టుకుని ఆమె అక్కడే నిలబడిపోయింది. లోపలి గదిలో ఎవరో గుసగుసలాడుతున్నారు. మహానంద గొంతు. ఏదో అడుగుతోంది, ఆగుతోంది, మళ్లీ జవాబు చెప్తోంది.

"ఎవలతోని మాట్లాడుతున్నవే?" అంది వినోద. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"నాయినమ్మతోని."

వాన మోత...

"ఏమంటుంది?"

"నోరు తెరువమంటుంది."

చిమ్నీ చేత పట్టుకుని వినోద గడప దాటింది. మహానంద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. భీమమ్మ మంచం ఉండిన చోటు. పక్కన ఎవరూ లేరు. పిల్ల నోరు తెరిచి ఉంది. పెద్దగా. పై పెదవి పైకి లేచి ఉంది... పిల్ల లేపడం లేదు. చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి.

బుగ్గ ఉబ్బింది. లోపలినుంచి. ఏదో సన్నటిది, పొడుగ్గా, బుగ్గ కింద ముందుకు కదిలింది. వెనక్కి కదిలింది. మెల్లగా. ఓపికగా. పళ్లు రుద్దినట్టు.

వినోద పరుగెత్తి బిడ్డను ఒడిసి పట్టుకుంది. పిల్ల మెడ కదలలేదు. ఎవరో తల పట్టుకున్నట్టు బిర్రుగా ఉంది. దవడ మూయబోతే మూతపడలేదు. తన వేళ్లకు... బుగ్గ చర్మం అవతల... గట్టిగా, చల్లగా, ఇంకో వేలు తగిలింది.

"అత్తా! బిడ్డను ఇడువు!"

చెవి పక్కనే గాలి చప్పుడు. తడిగా, ఈలగా. ఆ చప్పుడు వినోదకు తెలుసు. నెలల తరబడి తుడిచి, దూది పెట్టి, కట్టు కట్టిన రంధ్రం నుంచి వచ్చే చప్పుడది. అప్పుడు మాటలుగా మారనిది ఇప్పుడు మారింది.

"అడ్డం... రానంటివి..."

బుగ్గ కింద వేలు ఆగలేదు. మహానంద కళ్లు సగం మూతపడ్డాయి. నిద్రపోతున్నట్టు. ఇష్టంగా ఉన్నట్టు.

వినోదకు దేవుడు గుర్తు రాలేదు, మంత్రం గుర్తు రాలేదు. తన ప్రాణం కన్నా ఎక్కువగా కాపాడుకున్న ఆ నోరొక్కటే కనబడుతోంది. బిడ్డ ముందు మోకాళ్ల మీద కూలబడింది. "నాకు పెట్టు. అప్పుడు మూతి తిప్పుకున్న, గిప్పుడు తిప్పను. నీ కోడల్ని నేను. నాకు పెట్టత్తా, దాన్ని ఇడిచిపెట్టు..."

నోరు తెరిచింది.

వాన ఆగిపోయినట్టయింది. మహానంద బుగ్గ చదునైంది. పిల్ల తల వాలిపోయింది. చిమ్నీ కొండెక్కింది.

చీకట్లో... పెదవి మీద... చల్లగా.

చేదు. బూడిద. చిగుళ్ల పొడవునా, ఈ చివర నుంచి ఆ చివరకు, తీరిగ్గా, మురిపెంగా రుద్దుతున్న వేలు. వినోద కళ్లు మూసుకోలేదు. ఊపిరి తీసుకోలేదు. నోరు మాత్రం మూయలేదు.

కరెంటు వచ్చేసరికి మహానంద తల్లి ఒళ్లో నిద్రపోతోంది. వినోద మొదట బిడ్డ పెదాలు విప్పి చూసింది. గులాబీరంగు చిగుళ్లు, తెల్లటి పాలపళ్లు. మచ్చ లేదు, వాసన లేదు. అప్పుడు ఏడ్చింది. మోరీ దగ్గరికి పోయి పుక్కిలిస్తే నల్లటి నీళ్లు పడ్డాయి.

మర్నాటి నుంచి రోజూ దీపాలు పెట్టే వేళకు పెదవి మీద చల్లగా తగిలేది. వినోద పొయ్యి ముందు కూర్చుని నోరు తెరిచేది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఎవరో ఒకరు ఆపాలని చూస్తారు, ఆపితే వేలు ఇంకెక్కడికి పోతుందో ఆమెకు తెలుసు. ఇంట్లో పొగాకు ముక్క కూడా లేదు. ఆమె వేళ్లు శుభ్రంగానే ఉండేవి.

కందులు ఇంటికొచ్చే నాటికి బుగ్గ లోపల తెల్లగా లేచింది. అత్త చేసిన తప్పు తాను చేయలేదు. ఆ వారమే దత్తును వెంటబెట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని పట్నం పోయింది. ఇంత జల్దీ వచ్చానే, కోసి తీసేస్తారులే అని దారంతా దత్తుకు తానే ధైర్యం చెప్పింది.

అదే డాక్టరు. లైటు వేసి చూశాడు. ముక్క తీసి పరీక్షకు పంపి, మళ్లీ రమ్మన్నాడు. మళ్లీ వెళ్లినప్పుడు ఆయన కాగితం పక్కన పెట్టి అడిగాడు.

"ఎన్నేళ్లనుంచి రుద్దుతున్నావమ్మా?"

"నేను రుద్దలే సార్. నా చేత్తోని ఎన్నడు ముట్టలే."

డాక్టరు ఆమె వేలు పట్టుకుని చూసి వదిలేశాడు. "నాకు దాచి ఏం లాభం? ఇది ముప్పై ఏళ్లు రుద్దిన నోరు. ఎముక గుల్లయిపోయింది. మెడలోకి కూడా దిగింది." ఆమె ముఖంలోకి చూసి, "నీ వయసెంత?" అన్నాడు.

"ఇరవై ఆరు."

ఆయన దత్తును లోపలికి పిలిచాడు. కోసినా నిలబడదని, నొప్పి తెలియకుండా మందులిస్తామని దత్తుకు చెప్పాడు. దత్తు గోడకు తల ఆనించి బావురుమన్నాడు. వినోదకు మాత్రం ఏడుపు రాలేదు. చచ్చిపోతానన్న భయం ఉంది, చాలా ఉంది. ఆ భయం కింద ఒకే ఒక్క సంతోషం కూడా ఉంది. నాతోనే తెగిపోయింది, నా బిడ్డదాకా రాలేదు అనుకుంది. ఆ మాటనే పట్టుకుని బస్సెక్కింది.

సంగారెడ్డి దాటాక మహానంద ఆమె కొంగు లాగింది. "అమ్మా, పన్నూడింది." అరచేతిలో చిన్న పాలపన్ను, తెల్లగా ఉంది. వినోద వాచిన మూతితోనే నవ్వింది. "ఇంటికి పోయినంక రేకుల మీదికి ఎయ్యాలె. ఏది, కొత్తపన్ను వస్తుందా చూడనీ."

గడ్డం పట్టి కిటికీ వెలుతురుకు తిప్పింది. చిగుళ్లలోంచి కొత్త పన్ను అప్పుడే తొంగి చూస్తోంది. బియ్యపుగింజంత. ఇంకా దేన్నీ కొరకనిది, బయటి గాలి కూడా సరిగా తగలనిది.

నల్లగా ఉంది.

వినోద కొంగు తడిపి తుడిచింది. గట్టిగా తుడిచింది. కొంగుకు ఏమీ అంటలేదు.

మహానంద తల విదిలించుకుని కిటికీ వైపు తిరిగింది. నాలుకతో ఆ పన్నును తడుముకుంటూ కాసేపు చప్పరించింది. తర్వాత రెండు వేళ్లు పెదాలకు ఆనించి, ఎన్నో ఏళ్ల అలవాటున్న మనిషిలా, బయటికి ఉమ్మింది.