గొంతుచూపులు

ఓదేలు దుర్భిణిలోంచి తెడ్డుమూతి కొంగలను చూస్తున్నట్టు నటిస్తూ అరగంట గడిపాడు. పాత బొగ్గు గనిని నీటితో నింపి చేసిన చెరువది. దాని చుట్టూ నడిచేందుకు చక్కటి కాలిబాట. మెడలోని మౌనహారం విప్పే గడియను అతడు ఒక్కో పక్షినీ అడ్డం పెట్టుకుని వాయిదా వేస్తున్నాడు.

నగరంలో ఆ హారం అందరికీ తప్పనిసరి. గొంతులోంచి వచ్చే శబ్దాన్ని అక్కడికక్కడే మింగేస్తుంది. బస్సుల్లో, ఆఫీసుల్లో, ఇళ్ళల్లో జనం ఒకరి పెదవులు ఒకరు చదువుకుంటూ కబుర్లాడుకుంటారు. పాటలు సైతం తెర మీద అక్షరాలై పారుతుంటాయి. నగరం బయట, హారాలు రాని కార్మికవాడలో పదేళ్ళ వయసు దాకా 'నత్తోడా' అని పిలిపించుకున్న ఓదేలుకు ఆ హారం నిజంగా దేవుడిచ్చిన వరమే. తన గొంతు తనకు వినబడకపోయేసరికి నత్తి మాయమైంది.

ఇప్పుడు మందారతో పెళ్ళి కుదిరింది. ఇంతలో ఆమె అమ్మమ్మ అడ్డం తిరిగింది. "గొంతు వినకుండ పిల్లనెట్ల ఇస్తం?" అంటూ గొంతుచూపులు జరగాల్సిందేనంది. ముసలి తరం తెచ్చిన ఆచారమది. హారం విప్పేందుకు ప్రభుత్వం అనుమతించింది ఈ చెరువు గట్టు మీదే. మందారేమో నగరంలోనే పుట్టి పెరిగింది; మనిషి గొంతు ఇంతవరకు విననే లేదు.

"ఇగ తీద్దామా?" అన్నాయి పక్కనే నిలబడ్డ మందార పెదవులు.

ఇద్దరూ హారాలు విప్పారు.

"మం... మం... మం..." ఓదేలు దవడ బిగుసుకుపోయింది. దగ్గర్లో ఉన్న నామాలకోళ్ళు బెదిరి దూరంగా ఈదుకుంటూ వెళ్ళాయి. ఈ పెళ్ళి ఇక తప్పిపోయినట్టే అనుకున్నాడు. "...మందారా!"

మందార కళ్ళు పెద్దవి చేసింది. "నా పేరు గింత పొడుగుంటదా?" అంది. ఆమె గొంతు కొంచెం బొంగురుగా ఉంది.

ఊరుకుంటే సరిపోయేది. కానీ ఓదేలుకు మనసొప్పలేదు.

"లే... లేదు. నాకు న... నత్తి. నీకు చె... చెప్పకుండ దాసిన."

"నత్తంటే ఏంది?"

ఓదేలు తెల్లబోయాడు. "మాట ఆ... ఆగి ఆగి వస్తది. అందరికీ గిట్ల రాదు."



"అందరి సంగతి నాకేమెరుక? నేను విన్నది నీ గొంతొక్కటే."

ఓదేలు గుండెల మీది బరువంతా దిగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగానే పైకి నవ్వేశాడు. ఆ చప్పుడుకు ముందు ఉలిక్కిపడి, తర్వాత తనూ నవ్వింది మందార.

"మళ్ళొకసారి పిలువు," అంది. "మెల్లగనే పిలువు."