నిమ్మకాయంత మోటారు

"నీకు ఒక అక్క ఉంది కదూ?" అన్నాడు చీఫ్.

ఆ ఆఫీసులో ప్రశ్న అడిగేసరికే జవాబు ఫైల్లో ఉంటుంది. అందుకే ఏజెంటు తల మాత్రం ఊపాడు. తోటివాళ్ళు అతన్ని 'తాపీ' అంటారు. కొంపలంటుకున్నా నింపాదిగా నీళ్ళ బకెట్టు వెతుక్కునే రకం. అలాంటివాడు కూడా ఆ పూట కుర్చీ అంచుకి జరిగాడు.

చీఫ్ స్క్రీన్ మీద ఫోటో వేశాడు. నిమ్మకాయంత లోహపు డబ్బా, దాన్నుంచి రెండు వైర్లు.

"లీనియర్ మోటారు. ఇందులో గిరగిరా తిరిగేదేమీ లేదు. అయస్కాంతం ముందుకీ వెనక్కీ ఊగుతుంది, దాంతోపాటు పిస్టన్ కదులుతుంది. నూనె అక్కర్లేదు. చప్పుడు రాదు. ఏళ్ళ తరబడి చెడిపోదు. దీన్ని కంప్రెసర్‌లో పెడితే, వేడిని పసిగట్టే కెమెరాని చల్లగా ఉంచుతుంది. ఇది ఎవరి దగ్గరుంటే వాళ్ళకి చీకట్లో కళ్ళున్నట్టే. డిజైనర్ మీ అక్క."

"తెలుసు సార్."

"విదేశీ ముఠా ఒకటి దీన్ని ఎత్తుకుపోవాలని చూస్తోంది. వాళ్ళకి అందించబోయేది మీ అక్కేనని కోకిల రిపోర్టు."

కోకిల వీళ్ళ మనిషే. పర్చేజ్ ఆఫీసరు వేషంలో ఆ వర్క్‌షాపులో పాగా వేసింది.

"నా కవర్ ఏమిటి సార్?"

"తమ్ముడు. సెలవు పెట్టి అక్కని చూడ్డానికి వెళ్తున్నావు. ఈసారి నీ వేషం నువ్వే."

తాపీ బైరాగిగా తిరిగాడు, బ్యాంకరుగా తిరిగాడు, ఒకసారి గుడ్డివాడిగా నెల్లాళ్ళు గోడలు తడుముకున్నాడు. ఏ వేషమూ ఇంత బరువనిపించలేదు. అక్క దృష్టిలో అతను లిఫ్టులు అమ్మే కంపెనీలో సేల్స్‌మన్. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన మనిషి ఆవిడ. చూసి ఎంత కాలమైందో గుర్తులేదు. తీరా ఇప్పుడు వెళ్తున్నది నిఘా వెయ్యడానికి. తనమీద తనకే అసహ్యం వేసింది.

వర్క్‌షాపు గుమ్మంలో బల్ల మీద చెక్క పళ్ళెం ఉంది. అందులో గడియారాలు, బ్యాంకు కార్డులు, ఫోన్లు. లోపల బలమైన అయస్కాంతాలుంటాయి కాబట్టి ఎవరైనా అవన్నీ అక్కడ వదిలే లోపలికి వెళ్ళాలి. తాపీ ఫోను వదిలాడు, చొక్కా చెయ్యి మాత్రం గడియారం మీదకి లాక్కున్నాడు. అందులో ట్రాన్స్‌మిటర్ ఉంది. మీట నొక్కితే టీం దిగుతుంది. దాన్ని వదిలితే ఏజెంటుకి చెయ్యి విరిగినట్టే.

అక్క ఎదురొచ్చింది. జుట్టు ముగ్గుబుట్టయింది. వేళ్ళ నిండా ఎండిపోయిన జిగురు.

"ఇంత చిక్కిపోయావేంరా! లిఫ్టులు అమ్ముతున్నావా, మోస్తున్నావా?"

నవ్వబోయాడు. చొక్కా చెయ్యి ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

ఆవిడ అతన్ని బల్ల దగ్గరికి లాక్కెళ్ళి మోటారు అరచేతిలో పెట్టింది, పసిపిల్లని అందించినట్టు.

"పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు వెంట్రుకలో పదో వంతు. దగ్గరగా ఉండాలి, తగలకూడదు. తగిలిందా, అరిగి చస్తుంది. అయస్కాంతమేమో పక్కకి లాగుతూనే ఉంటుంది. దాన్ని నిలబెట్టేవి ఇవిగో, ఈ స్ప్రింగు బిళ్ళలు. ఈ వంపు కుదరడానికే నా కళ్ళజోడు మూడుసార్లు మారింది."

"ఈ బుల్లి కవాటం ఏమిటక్కా?"

"లోపల హీలియం ఉంటుంది. అదీ ఒక స్ప్రింగే అనుకో. అది తీసేసి ఫుల్ కరెంటిచ్చామా, పిస్టన్‌కి పట్టపగ్గాలుండవు. గోడకేసి తల బాదుకుంటుంది."

అప్పుడే కోకిల వచ్చింది. అందరూ వేసుకునే తెల్లకోటే ఆమె ఒంటి మీద పట్టులా ఉంది. అక్క స్క్రూడ్రైవర్ కోసం గది ఆ చివరికి వెళ్ళగానే కిటికీ వైపు చూస్తూ అంది.

"వాన పడేలా ఉంది."

"గొడుగు రైల్లో మర్చిపోయాను."

కోడ్ కలిసింది. కోకిల గొంతు తగ్గించింది. "రేపు మధ్యాహ్నం. హార్బరు కోల్డ్ స్టోరేజి. సరుకుతో సహా పట్టుకుందాం. ఒక్కడివే రా."

కోకిల వెళ్ళి అక్క తిరిగొచ్చాక తాపీ మామూలుగా అడిగినట్టు అడిగాడు. "ఇది ఎవరికిస్తావక్కా?"

"మందుల పెట్టెలకిరా! కరెంటు లేని ఊళ్ళకి టీకాలు చల్లగా చేరాలనే కదా మొదలెట్టింది. మా పెద్దవాళ్ళు సీక్రెట్ అని ముద్రేసి బీరువాలో పడేశారు. ఇప్పుడొక ఆరోగ్య సంస్థ అడుగుతోంది. మా పర్చేజ్ అమ్మాయే కుదిర్చింది. అనుమతి లేకుండా ఇవ్వడం తప్పే. కానీ బీరువాకి టీకాలెందుకు చెప్పు?"

అతనికి అంతా అర్థమైంది. కంచే చేను మేస్తోంది. కోకిల రెండు గూళ్ళ పక్షి. రిపోర్టు రాసి నింద అక్క మీదకి తోసింది, ఒక్కడినే రమ్మని అతనికీ ఉచ్చు పన్నింది.

ఆ క్షణమే అక్కతో చెప్పవలసింది. చెప్పలేదు. రేపు మీట నొక్కితే కోకిలా దొరుకుతుంది, కొనేవాడూ దొరుకుతాడు అని లెక్క వేశాడు. ఆ లెక్కలో అక్క ఎర అయింది. తెలిసే చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం కోల్డ్ స్టోరేజిలో మాటతోపాటు నోట్లోంచి పొగ వస్తోంది. పెట్టెల వరసల చివర తలుపు తెరిచి ఉంది, దాని బయట పడవ ఇంజను నడుస్తోంది. సన్నఫ్రేము కళ్ళజోడు పెట్టుకున్న కొనుగోలుదారు, అతని పక్కన కోకిల చూస్తుండగా అక్క మోటారుకి కరెంటిచ్చింది. చీమ నడిచినంత చప్పుడు కూడా లేదు. దానికి బిగించిన కంప్రెసర్ గొట్టం కొన మీద మంచు పట్టింది. అక్క మొహం వెలిగిపోయింది.

తాపీ పెట్టెల చాటునుంచి బయటికొస్తూ గడియారం మీట నొక్కాడు. ఏమీ కాలేదు. చూస్తే ముళ్ళు నిన్నటి సాయంత్రం దగ్గరే ఆగిపోయి ఉన్నాయి.

కోకిల చేతిలో పిస్తోలు ప్రత్యక్షమైంది. "అయ్యో తాపీ! అయస్కాంతాల గదిలోకి గడియారంతో వెళ్ళావా? ఆ పళ్ళెం అలంకారానికనుకున్నావా?"

"ఎవర్రా వీళ్ళు?" అంది అక్క.

"దొంగలక్కా. మందుల పెట్టెలు లేవు. ఆరోగ్య సంస్థా లేదు."

"నీకెప్పటినుంచి తెలుసు?"

"నిన్నటినుంచి."

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది.

"లిఫ్టులవాడివి కాదని నాకెప్పుడో తెలుసురా. తమ్ముడివి అనుకున్నాను."

కొనుగోలుదారు విసుగ్గా చెయ్యి ఊపాడు. "మేడమ్, ఫుల్ పవర్‌లో ఒక్కసారి చూపించండి. వెళ్ళిపోతాం."

అక్క కళ్ళు తుడుచుకుంది. మోటారు మీదకి వంగింది. జిగురు వేలు కవాటం మీద ఆగింది. సన్నగా బుస్సుమంది.

ఆ చప్పుడు అర్థమైనవాడు అక్కడ తాపీ ఒక్కడే. తన మిషన్ గట్టెక్కేది దానివల్లేనని తెలిసి కూడా అతని నోటినుంచి "వద్దక్కా!" అనే వచ్చింది.

ఆవిడ నాబ్ చివరిదాకా తిప్పేసింది.

టక్. టక్. టకటకటక. నిమ్మకాయంత డబ్బా బల్ల మీద గింజుకుంది. కొనుగోలుదారు దూకేలోపే లోపల స్ప్రింగు బిళ్ళలు ఫట్‌మని విరిగాయి, అయస్కాంతం పెంకుల్లా పగిలింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. కోకిల అటు తల తిప్పిన రెప్పపాటులో తాపీ ఆమె మణికట్టు విరగకొట్టినంత పని చేశాడు. పిస్తోలు కింద పడింది. రెండో చేత్తో గోడ మీది అలారం లాగాడు. హార్బరు గార్డులు పడవని ఆపారు.

అక్క నేల మీద కూర్చుని ముక్కలు ఒక్కొక్కటే రుమాల్లోకి ఏరుతోంది. ఏడుస్తోంది.

"ఇన్నేళ్ళు ఒక్కసారి కూడా గోడకి తగలనివ్వలేదురా దీన్ని. చివరికి నా చేత్తోనే కొట్టించాను."

తాపీ పక్కన కూర్చున్నాడు. తనూ ఒక ముక్క తీసి రుమాల్లో వేశాడు. ఆవిడ అడ్డుకోలేదు, అతని వైపు చూడనూలేదు.

ఫోను మోగింది. చీఫ్.

"మోటారు భద్రమేనా?"

"పోయింది సార్."

"ముఠా చేతికా?"

"ఎవరి చేతికీ కాదు. అసలుకే పోయింది."

"దాన్ని అక్కడికి తెచ్చిందెవరు?"

"కోకిల దొంగిలించి..."

అక్క అతని చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో కోపం ఉంది, ఆ కోపం కింద ఎక్కడో చిన్నప్పటి అక్క కూడా ఉంది.

"నేనే తెచ్చానని చెప్పు. ఒక ఇంటికి ఒక్క అబద్ధాలకోరు చాలు."

తాపీ నిజం చెప్పాడు. ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి. అలవాటు లేని పని కదా, మాట తడబడింది.