ఆరో వాయిదా

పొద్దున్న ఆరు కాకముందే ఫోన్ మోగింది. రొట్టె పెనం మీదే వదిలేసి పరుగెత్తింది నోయెమి.

"జడ్జిగారు ఊళ్లోకి వచ్చారట! ఈసారి వాయిదా లేదు. తొమ్మిదికల్లా కోర్టులో ఉండండి," అంది లాయరు.

నోయెమికి కాళ్లు నేలమీద ఆగలేదు. ఏడేళ్లలో ఐదుసార్లు వాయిదా. ఒకసారి జడ్జి రిటైరయ్యాడు, ఒకసారి దుబాసీ రాలేదు, ఒకసారి వాళ్లుండే ఒమాహా ఊరంతా మంచులో మునిగింది. మిగతా రెండుసార్లు ఎందుకో ఎవరూ చెప్పలేదు. అమెరికా ప్రభుత్వం ఆశ్రయం ఇస్తేనే, సొంత దేశం హోండురస్‌లో చెల్లెలి దగ్గర వదిలి వచ్చిన కూతురు దరియెలాను తెచ్చుకోగలదు. అప్పుడు దానికి నాలుగేళ్లు.

"అత్తయ్యా, లేవండి! ఇవాళే!"

ఎవులాలియా మంచం దిగలేదు. తన కొడుకు, నోయెమి భర్త సెల్విన్‌ను దుండగులు కాల్చి చంపినప్పుడు పక్కన ఉన్నది ఆవిడే. కేసుకు ఆవిడొక్కతే సాక్షి.

"నేను రాను. ఒంట్లో బాగాలేదు."

"నిన్న సాయంత్రం పాటలు పాడుతూ బట్టలు ఇస్త్రీ చేశారుగా!"

"రానంటే రాను. వదిలెయ్."

నోయెమికి ఒళ్లు మండిపోయింది. "కాగితాలొస్తే మిమ్మల్నొదిలి వేరే పెళ్లి చేసుకుంటాననేగా మీ భయం? దానికోసం నా బిడ్డను నాకు కాకుండా చేస్తారా?"

"నోరుముయ్యవే!" ముసలావిడ అరిచింది. "అది నా మనవరాలు కాదా? నాకు గుర్తుండట్లేదే! సెల్విన్‌ను కాల్చినవాళ్లు వచ్చిన బండి ఎర్రదని అప్పుడు కోర్టుకు రాసిచ్చాను. ఇప్పుడు కళ్లు మూసుకుంటే నల్లగా కనిపిస్తోంది. తప్పు చెప్పి నీ కొంప ముంచితే?"

నోయెమి మంచం పక్కన కూర్చుంది. ఏడాదిగా ఆవిడ మరుపును ముసలి చాదస్తమనుకుని విసుక్కుంది తను. అత్తగారి చేతులు పట్టుకుంది.

"నన్ను క్షమించండి అత్తయ్యా. గుర్తున్నదే చెప్పండి. లేనిది లేదనండి. ఏమైతే అది అవుతుంది."

వంటింట్లో రొట్టె మాడి పొగలు కమ్మాయి. నవ్వుతూ, దగ్గుతూ ఇద్దరూ బయల్దేరారు.

కోర్టులో ప్రభుత్వ లాయరు సరిగ్గా అదే అడిగాడు. "బండి ఏ రంగు?"

ఎవులాలియా కోడలి వైపు ఒకసారి చూసి, జడ్జి వైపు తిరిగింది. "ఏడేళ్లు నిలబెట్టారు బాబూ. రంగు మరిచిపోయాను. నా ఒళ్లో నా బిడ్డ తల బరువు మాత్రం మరిచిపోలేదు. 'నీ కోడలు ఏదే, దానికీ ఇదే గతి' అని వాళ్లన్న మాట మరిచిపోలేదు."

మధ్యాహ్నానికి తీర్పు వచ్చింది. ఆశ్రయం ఇచ్చారు. తాము పైకోర్టుకు వెళ్లబోమని ప్రభుత్వ లాయరూ చెప్పేశాడు.

నడవాలోనే నోయెమి ఫోన్ చేసింది.

"అమ్మా, మళ్లీ వాయిదానా?" అంది దరియెలా.

"కాదే! గెలిచాం! నువ్వు మా దగ్గరికి వచ్చేస్తున్నావే!"

అవతల పిల్ల వేసిన కేకకు దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఎవులాలియా ఫోన్ లాక్కుంది.

"ఒసేయ్, ఇక్కడ చలి. కోటు కొనాలి. ఎంత పొడుగున్నావు?"

"పిన్నంత అయ్యాను నానమ్మా!"

నోయెమి చెయ్యి ఎత్తింది. విడిచి వచ్చిననాడు తన నడుం దాకా కూడా లేని పిల్ల. చెల్లెలూ తనూ ఒకే ఎత్తు. గాలిలో చెయ్యి మెల్లగా పైకి పోయి తన తల ఎత్తున ఆగింది. ఆ చేతిని అలాగే పట్టుకుని భోరుమంది.

"ఏడవకే పిచ్చిదానా, పద," అంటూ తనూ ఏడుస్తూనే లాక్కుపోయింది అత్తగారు. "పెద్ద సైజు కొందాం. ఇంకా పెరుగుతుంది."