కూత వినిపించిన ఇల్లు

ఎగువతీరం నగరంలో తెల్లారిందన్న సంగతి కళ్ళు చెప్పాల్సిందే తప్ప చెవులు చెప్పవు. మిక్సీ తిరుగుతోందనడానికి పచ్చడి రంగు మారడమే సాక్ష్యం. కుక్కర్ కూత వేయదు. దాని నెత్తిన ఓ చిన్న దీపం వెలిగి ఆరుతుంది, అంతే. గుడిలో దేవుడికి మేలుకొలుపు పాడతారు గాని, చెవిలో గుండీ పెట్టుకున్న భక్తులకే అది వినిపిస్తుంది. 2091లో ప్రశాంతత అంటే ఇదే.

ఆ ప్రశాంతతని కనిపెట్టిన డాక్టర్ సుభాషిణి ఏడో అంతస్తులో తన వంటింట్లో నిలబడి, దీపం ఎన్నిసార్లు వెలిగిందో లెక్క మర్చిపోయి, పప్పు మాడబెట్టింది.

"కూతుంటే తెలిసేది," అన్నాడు హాల్లోంచి భర్త పరంధామయ్య.

"ముక్కుంటే మీకూ తెలిసేది," అంది సుభాషిణి.

ఆవిడ కనిపెట్టిన పరికరం పేరు నాదహారి. బొటనవేలంత ఉంటుంది. శబ్దం పుట్టే చోట దాన్ని బిగిస్తే, పుట్టిన ప్రతి తరంగానికీ సరిగ్గా ఎదురు తరంగాన్ని తయారుచేసి, రెండూ ఒకదాన్నొకటి కొట్టుకు చచ్చేలా చూస్తుంది. చచ్చిన శబ్దం వేడిగా మారుతుంది. అందుకే పనిచేసిన నాదహారిని ముట్టుకుంటే, కాఫీ తాగేసిన గ్లాసులా గోరువెచ్చగా తగులుతుంది. నాదహారి అన్న పేరు ప్రభుత్వ కాగితాల్లో మిగిలింది. జనం మాత్రం తొడుగు అన్నారు.

ఇంట్లో పది డబ్బాలకి పది మూతలుండి, అవసరానికి ఏ ఒక్కటీ సరిపోని బాధ సుభాషిణికి తెలుసు. అందుకని కుక్కర్‌కీ మిక్సీకీ డ్రిల్లుకీ అన్నిటికీ పనికొచ్చేలా ఒకే మర కొలత పెట్టింది. ఇంటింటా ఆడవాళ్ళు ఆవిణ్ణి దీవించారు. ఆ కొలత తుపాకీ మూతికి కూడా అతికినట్టు సరిపోతుందని ఆవిడకి తట్టలేదు. అప్పట్లో వంటింటి పక్కన తుపాకీ ఉండేది కాదు మరి.

తర్వాత సముద్రం దీవుల్ని మింగింది. అక్కడి ముస్లింలు పడవల్లో వచ్చి, రేవు పక్కన నీళ్ళమీద తేలే కాలనీ ఒకటి కట్టుకున్నారు. పడవల్లోంచి దిగింది ముసలివాళ్ళూ, పిల్లలూ, కొబ్బరి కోరాలూ అని చూసినవాళ్ళు చెప్పారు. ఇంకా చాలా దిగాయని చూడనివాళ్ళు చెప్పారు. ఓట్లలో చూడనివాళ్ళదే మెజారిటీ కాబట్టి, ప్రభుత్వం ఇంటికో ఆత్మరక్షణ తుపాకీ ఇచ్చింది. అందరూ కాల్చడం నేర్చుకుంటుంటే ఆ మోతకి చెవులు పోతున్నాయని ఒక సంఘం గొడవ చేసింది. అంతకుముందు తుపాకీకి తొడుగు పెట్టడం నేరం. చెవుల ఆరోగ్యం దృష్ట్యా ఆ నిషేధం ఎత్తేశారు. అదే చట్టంలో రెండో వాక్యం రేవు కాలనీ గురించి. వలస వచ్చినవారి దగ్గర ఎటువంటి తొడుగూ ఉండరాదు, కుక్కర్ తొడుగైనా సరే. ఎందుకంటే దాన్ని తీసి తుపాకీకి పెట్టుకోవచ్చు. వాళ్ళకి తుపాకీలే ఇవ్వలేదు కదా అన్న అనుమానం చట్టానికి రాలేదు.

నిపుణుల సంఘంలో సభ్యురాలిగా సుభాషిణి దానిమీద సంతకం పెట్టింది. పెట్టినప్పుడు ఏమనిపించిందంటే, ఏమీ అనిపించలేదు. కొన్నేళ్ళుగా ఆవిడకి ఏదీ ఏమీ అనిపించడం లేదు. అదొక సౌకర్యం.

ల్యాబులో ఆవిడకి కుడిభుజం అమీనత్. దీవుల్లో పుట్టింది, రేవు కాలనీలో పెరిగింది, ధ్వనిశాస్త్రంలో డాక్టరేట్ చేసింది. మాడు వాసన వేసే పప్పుని కూడా వంక పెట్టకుండా తినే అమ్మాయి. ఆ రోజు మాత్రం సుభాషిణి తెచ్చిన డబ్బా మూత తీయలేదు.

"శుక్రవారం కమిటీ మేడమ్. మా కాలనీని తాళ్ళు కట్టి లాక్కెళ్ళి, నడిసముద్రంలో పాత చమురు బావుల దగ్గర వదిలేస్తారట. అక్కడ తాగే నీళ్ళు కూడా పడవలో రావాలి."

"కారణం?"

"పెరిగిపోతున్నామట."

"పెరిగారా?"

"పోయినేడు నాలుగు కుటుంబాలు తగ్గాం. కానీ చెవులమ్మ లెక్క వేరే."

చెవులమ్మ అంటే నగరమంతా శబ్దాల్ని వినే గణనయంత్రం. ఏ పేట నుంచి ఎంత చప్పుడు వస్తోందో శాతాల్లో చెబుతుంది. పదేళ్ళ కిందట నగరం చప్పుడులో రేవు కాలనీ వాటా మూడు శాతం. ఇప్పుడు తొంభై నాలుగు.

"మా అమ్మమ్మ తుమ్మినా వలసల పెరుగుదల కింద పడుతోంది మేడమ్," అంది అమీనత్. "అందరి నోటికీ మీరు తొడుగులిచ్చారు. మేం ఒక్కళ్ళమే వినపడుతున్నాం."

సుభాషిణి ఆ శాతాల గ్రాఫుని దగ్గరికి లాక్కుని, పదేళ్ళ అంకెలూ మళ్ళీ లెక్కేసింది.

శుక్రవారం కమిటీలో మంత్రి వీరభద్రంగారు మధ్య కుర్చీలో కూర్చున్నారు. చెవులమ్మ గోడలోంచి మాట్లాడింది. గౌరవంగా మాట్లాడేలా తయారుచేశారు దాన్ని.

"రేవు కాలనీ చప్పుడు పదేళ్ళలో ఎంత పెరిగింది?" అడిగింది సుభాషిణి.

"పెరగలేదమ్మా. కొద్దిగా తగ్గింది."

"మరి తొంభై నాలుగు శాతం ఎలా అయింది?"

"మిగతా నగరం చప్పుడు చేయడం మానేసిందమ్మా. ఉన్నదాంట్లో వాళ్ళ వాటా అంత."

సుభాషిణి కమిటీ వైపు తిరిగింది. "విన్నారుగా. వాళ్ళకీ తొడుగులిస్తే ఆ అంకె పడిపోతుంది."

"తీసి తుపాకీకి పెట్టుకుంటే?" అన్నారు మంత్రిగారు.

"వాళ్ళ దగ్గర తుపాకీల్లేవండీ."

"ఉంటే?"

"మన దగ్గర నిజంగానే ఉన్నాయి కదండీ, తొడుగులతో సహా."

"మనవి ఆత్మరక్షణకమ్మా."

"ఆత్మరక్షణ చేసుకునేటప్పుడు చప్పుడైతే నష్టమేంటండీ? నలుగురూ సాయానికొస్తారు కూడా."

"ఇరుగుపొరుగు నిద్ర పాడవదూ?" అన్నారు మంత్రిగారు నొచ్చుకుంటూ. కమిటీ తలలూపింది.

"పోనీ, మనమే తొడుగులు తీసేద్దాం. మనమూ చప్పుడు చేస్తే వాళ్ళ వాటా దానంతటదే తగ్గుతుంది."

ఈ మాటకి అందరూ నవ్వారు. మంత్రిగారు కళ్ళు తుడుచుకున్నారు. "అయితే మీ ఇంట్లోనే మొదలెట్టండి డాక్టరుగారూ. ఎవరికీ ఏ భయమూ కలగకపోతే సోమవారం ఆలోచిద్దాం."

ఆయన హాస్యానికే అన్నాడు. సుభాషిణి మాత్రం దాన్ని ప్రయోగమనే తీసుకుంది. ముందే చెబితే ప్రయోగం పాడవుతుందని ఇరుగుపొరుగుకి చెప్పలేదు. ఇరవయ్యేళ్ళుగా గోడకి ఆనుకుని ఉంటున్న సాంబమూర్తిగారికి కూడా చెప్పలేదు. ఆయన ఈవిణ్ణి చెల్లెమ్మా అంటాడు. ఈవిడ పెట్టే ఆవకాయ మొదటి జాడీ వాళ్ళింటికే వెళుతుంది.

ఆదివారం పొద్దున్న అమీనత్‌ని భోజనానికి పిలిచింది. ఇప్పుడు పిలవకపోతే, సోమవారం తర్వాత పిలిచే అవకాశం ఉంటుందో లేదో. అమీనత్ తన కొబ్బరి కోరాం తెచ్చుకుని వంటింట్లో కింద కూర్చుని చిప్ప కోరుతోంది. సుభాషిణి కుక్కర్ తొడుగు తిప్పి తీసి గట్టు మీద పెట్టింది.

మొదటి కూత వచ్చేసరికి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. హాల్లో పరంధామయ్య చేతిలో టాబ్లెట్ కింద పడింది.

"అబ్బ! ఎన్నాళ్ళయింది విని!" అన్నాడాయన.

రెండో కూత. మూడో కూతకి సగంలో ఆవిరి పక్కనుంచి వచ్చింది. సుభాషిణికి ముందు అర్థం కాలేదు. వాషర్ పోయిందేమో అనుకుంది. కుక్కర్ పొట్టలో గుండ్రటి చిల్లు ఉంది. అందులోంచి పప్పు స్టవ్ మీదికి కారుతోంది. కిటికీ గరుకు అద్దంలో ఇంకో గుండ్రటి చిల్లు ఉంది. అమీనత్ చేతిలో కొబ్బరి చిప్ప అలాగే ఆగిపోయింది. ఏ చప్పుడూ కాలేదు.

సుభాషిణి స్టవ్ ఆపింది. కందిపప్పు అంతా వృథా అయిందే అనుకుంది. అంతకన్నా పెద్ద మాటేదీ మనసుకి రాలేదు.

తలుపు నెట్టుకుని సాంబమూర్తిగారు వచ్చాడు. చేతిలో తుపాకీ ఉంది. ఆయాసానికి దగ్గొస్తోంది. ఆయనకి ఉబ్బసం.

"చెల్లెమ్మా! మీరా!"

"మా వంటింట్లో ఇంకెవరుంటారు అన్నయ్యగారూ?"

"కూత వినపడింది. కూత వినపడితే... వాళ్ళు మీ ఇంట్లో దూరారనుకున్నాం. మీ మేలు కోసమేనమ్మా! మా బాల్కనీలోంచి కూత వచ్చినవైపు కాల్చాను. అయ్యయ్యో, ఎంత ప్రమాదం తప్పింది! మీకేం కాలేదు కదా!"

అప్పటికి ఆయన కింద కూర్చున్న అమీనత్‌ని చూశాడు. ఏమనాలో తెలియక, తుపాకీ చేత్తోనే నమస్కారం పెట్టబోయాడు.

"వాళ్ళంటే నేనేనండీ," అంది అమీనత్. "కూత మాత్రం మేడమ్‌గారిది."

సుభాషిణి చెయ్యి చాచి తుపాకీ మూతికున్న తొడుగుని ముట్టుకుంది. గోరువెచ్చగా ఉంది. తను లెక్కగట్టినంతే, ఎక్కువా తక్కువా లేదు.

సోమవారం ఆవిడ చిల్లు పడ్డ కుక్కర్‌ని సంచిలో పెట్టుకుని కమిటీకి తీసుకెళ్ళింది. బల్లమీద పెట్టింది. మంత్రిగారు అందులోకి తొంగి చూసి, చెవులమ్మని అడిగారు.

"ఆదివారం ఏడో అంతస్తులో కొత్తగా చప్పుడు మొదలైంది," అంది చెవులమ్మ. "రెండున్నర కూతలు. లక్షణాలు వలస ఇంటివి. వలసలు పై అంతస్తులకి పాకినట్టు నమోదు చేశానండీ."

"తుపాకీ చప్పుడు?" అంది సుభాషిణి.

"ఏదీ వినిపించలేదమ్మా."

"నీ ఎదురుగా కుక్కర్ ఉంది."

"నాకు చెవులే ఉన్నాయమ్మా, కళ్ళు లేవు."

మంత్రిగారు లేచి నిలబడ్డారు. "ఒక్క కూతకే మర్యాదస్తులు తుపాకీ పట్టాల్సి వచ్చిందంటే, ప్రజలు ఎంత భయంలో బతుకుతున్నారో ఆలోచించండి! మీ ప్రయోగం కళ్ళు తెరిపించింది డాక్టరుగారూ. చాలా థాంక్స్."

ఆ వారంలోనే కాలనీని తీసుకెళ్ళిపోయారు. లాగే పడవల ఇంజన్లకి తొడుగులున్నాయి. అమీనత్ వెళ్ళేముందు ల్యాబుకి వచ్చి, తాళంచెవి బల్లమీద పెట్టింది.

"ఉండిపో. మా ఇంట్లో ఉండు," అంది సుభాషిణి.

"మీ ఇంట్లో ఒక కుక్కర్ పోయింది మేడమ్. ఇంకోటి పోతే పరంధామయ్యగారు ఏం తింటారు?" అని నవ్వింది అమీనత్. తన కొబ్బరి కోరాం మాత్రం భుజాన ఉన్న సంచిలోనే ఉంది. అడిగితే ఇచ్చేదేమో. సుభాషిణి అడగలేదు.

రేవు దగ్గర నీళ్ళు ఖాళీగా కనిపించాక గాని నగరానికి విషయం తెలియలేదు. సాంబమూర్తిగారి భార్య హైమవతి ఒక్కర్తే, "పొద్దున్నే అజాన్‌కి మెలకువొచ్చేది వదినా. ఇప్పుడు ఎప్పుడు లేవాలో తెలియట్లేదు," అంది, కాస్త విసుగ్గా.

నూటికి నూరు శాతం నిశ్శబ్దం వచ్చిందని పండగ చేసుకున్నారు. కానీ చెవులమ్మకి నిశ్శబ్దం లెక్కపెట్టడం రాదు. ఉన్న చప్పుడుని వాటాలు వేయడమే వచ్చు. ఎంత కొంచెమున్నా, దాంట్లో నూరు శాతం ఎవరిదో ఒకరిది అయి తీరాలి.

పది రోజులు గడిచాక ఓ మధ్యాహ్నం సుభాషిణి తలుపు దగ్గర సాంబమూర్తిగారు నిలబడి ఉన్నాడు. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"చెల్లెమ్మా," అన్నాడు గుసగుసగా, "నగరం చప్పుడులో అరవై ఒక్క శాతం నా దగ్గేనట. చెవులమ్మ ప్రకటించింది. పొద్దుటి నుంచీ ఎదురింటివాళ్ళు పలకరించడం లేదు. దగ్గుకి తొడుగు లేదా?"

"ఆ కొలత పెట్టలేదు అన్నయ్యగారూ."

ఆయనకి దగ్గొచ్చింది. ఆపుకున్నాడు, ఆగలేదు. వరండాకి అటువైపు తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. వాటి మడతబందులకి కూడా తొడుగులున్నాయి.

సుభాషిణి ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. కిటికీకి దూరంగా ముక్కాలిపీట వేసి కూర్చోబెట్టింది. కొత్త కుక్కర్‌లో పప్పూ నీళ్ళూ పోసింది. మూత బిగించి, తొడుగు తిప్పి తీసేసింది. మిక్సీదీ తీసేసింది.

"ఏం చేస్తున్నావమ్మా! నీ ఇల్లు కూడా లెక్కకెక్కుతుంది!"

"ఇద్దరం చప్పుడు చేస్తే మీ వాటా సగమవుతుంది."

సాంబమూర్తిగారు తువ్వాల్లో మొహం పెట్టుకుని ఆ లెక్క వేసుకున్నాడు. ఎప్పుడో బ్యాంకులో పనిచేసిన మనిషి, లెక్క తొందరగానే తెమిలింది. తల ఎత్తి కిటికీ వైపు చూశాడు. అద్దంలో ఆయన చేసిన చిల్లు అలాగే ఉంది. అందులోంచి ఖాళీ రేవు కనిపిస్తోంది.

"ఇంకొంచెం మంది ఉంటే బావుండేది చెల్లెమ్మా," అన్నాడు.

"ఉండేవాళ్ళు," అంది సుభాషిణి, స్టవ్ వెలిగిస్తూ.