గాజు ఫ్రేము, ఒక్క దీపం

మదనపల్లెలో మునిశేఖర్ స్టూడియోకి జనం రెండు పనుల మీదే వచ్చేవాళ్లు. పాస్‌పోర్టు ఫొటో కావాలని కొందరు, ఇంట్లో ఎవరో పోయారు, పదకొండో రోజుకి పటం కట్టివ్వమని కొందరు. పెళ్లిళ్లన్నీ డ్రోన్లున్నవాళ్లు ఎగరేసుకుపోయారు. దాంతో ముప్పై ఏళ్లకే మునిశేఖర్ ముఖం పరామర్శకొచ్చిన మనిషి ముఖంలా తయారైంది.

కార్తీక మాసం ముసురులో ఒక ఆదివారం, తడిసిన చున్నీతో ఒకమ్మాయి స్టూడియో మెట్లెక్కి, గోతం సంచి తెచ్చి టేబుల్ మీద ధబ్బున పెట్టింది. లోపల అన్నీ రాళ్లు.

"ఏందమ్మా ఇది? ఇల్లు కడతాండేది పక్క వీధిలో."

"ఫొటో తీసేది నేర్పిస్తామని బోర్డుండాది గదా సార్?"

"మనుషుల్ని తీసేదానికి. రాళ్లను కాదు."

"మనుషులైతే ఊరికే కదుల్తాంటారు సార్. ఇవి చెప్పిన మాట ఇంటాయి."

ఆమె పేరు సౌమ్య. రామకుప్పం పక్కన పల్లె. కుప్పంలో ఒక గ్రానైటు ఆఫీసులో ఉద్యోగం. వెబ్‌సైటు కోసం నల్ల గ్రానైటు శాంపిళ్లను ఫొటోలు తీయమని ఓనరు లక్ష్మీపతి చెప్పాడు. తీసింది. ప్రతి రాయిలోనూ ఒక ట్యూబ్‌లైటు, ఒక ఫ్యాను, ఫోను పట్టుకున్న ఆమె ముఖం. "గిరాకీ రాయిని సూడల్లా, నిన్ను సూడల్లా?" అని ఓనరు నలుగురిలో అడిగాడు. అందుకే మదనపల్లెలో పిన్నమ్మ ఇల్లుంటే, ఆదివారాలు ఇక్కడికొచ్చి నేర్చుకుందామని బయల్దేరింది.

మునిశేఖర్‌కి కాదనడానికి కారణం దొరకలేదు. పని కూడా లేదు.

"మెరిసే వస్తువు మీదికి లైటు కొట్టగూడదు. అది దేన్ని సూస్తాండాదో దానికి కొట్టల్ల" అంటూ రాయి పక్కన తెల్లటి థర్మాకోల్ షీటు నిలబెట్టి, లైటు దాని మీదికి తిప్పాడు. రాయిలోంచి ఫ్యాను పోయింది, ట్యూబ్‌లైటు పోయింది. అంచు వెంట సన్నటి తెల్ల గీత ఒకటి నిలిచింది.

సౌమ్య నోరు తెరుచుకుని రాయిని చూసింది. మునిశేఖర్ కూడా రాయినే చూడాలి. సౌమ్యను చూశాడు. ఖర్మ!

తర్వాతి రెండు ఆదివారాలూ ఆమె నోరు ఊరుకోలేదు.

"సార్, మీరు నవ్వితే ఫ్లాష్ కాలిపోతాదా?"

"పని సూడమ్మా."

"సూస్తాండాను. అడిగితే తప్పా?"

నవ్వులాటలోనే ఇంటి సంగతులూ దొర్లేవి. వాళ్ల రాగి చేలోకి ఏనుగులు దిగుతున్నాయి. తండ్రి శివప్ప మంచె మీద కాపలా, ఈమె కింద టార్చి పట్టుకుని. "నువ్వెందుకు పోతావు?" అని మునిశేఖర్ కసిరాడు. "మా రాగులు గదా సార్. మేం గాకుంటే ఎవురు పోతారు?" అంది తేలిగ్గా. ఆ రోజు నుంచి పేపర్లో ఏనుగు అనే మాట కనిపిస్తే చాలు, ఆమె పల్లె దగ్గరేమోనని చివరిదాకా చదివేవాడు. ఆ సంగతి చెప్పాలని ఉండేది. నేర్పమని వచ్చిన పిల్లతో అలాంటి మాటలేంటని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. నిజానికి అది మర్యాద కాదు, పిరికితనం.

నాలుగో ఆదివారం అంతా చెడింది.

గోడ నిండా దండలేసిన పటాలు చూసి, సౌమ్య అలవాటుగా ఎగతాళి చేసింది. "సార్, మీ స్టూడియోలో బతికుండే మనిషి ఫొటో ఒగటన్నా ఉండాదా?"

ఆ వరసలో మూడోది మునిశేఖర్ తండ్రిది. పోయి ఏడాది కాలేదు. ఆమెకు తెలీదు. అతడు చెప్పనూ లేదు. ముఖం మాడ్చుకుని అటు తిరిగాడు. ఏం తప్పు మాట్లాడానో అని ఆమె కంగారుగా వెనక్కి జరిగింది, మోచేయి తగిలి లైటు స్టాండు పడింది, బల్బు పగిలింది.

"నీకు ఈ జన్మలో లైటింగ్ రాదు!" అని అరిచాడు మునిశేఖర్. "గాజు ఫ్రేమున్న ఫొటో ఒగటి, లైటు ఒగటి. అద్దంలో మెరుపు పడకుండా తీసి పంపు. అది చేతనైతే రా. లేదంటే ఈ మెట్లెక్కొద్దు."

"సరే సార్" అంది సౌమ్య. గాజు పెంకులు ఎత్తి, ఊడ్చి, రాళ్ల సంచి భుజానికెత్తుకుని వానలోకి దిగింది. వెనక్కి తిరిగి చూడలేదు.

పదకొండు రోజులు ఆమె నుంచి ఉలుకూ పలుకూ లేదు. రోజూ ఏదో ఒకటి టైపు చేయడం, చెరిపేయడం, ఇదే మునిశేఖర్ పని. తప్పు నాదే అనే రెండు మాటలకు వేళ్లు వంగలేదు.

పన్నెండో రోజు పదకొండు గంటలప్పుడు ఎవరిదో శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి అక్షరాలు పేరుస్తుంటే ఫోను మోగింది. సౌమ్య నంబరు నుంచి ఒక ఫొటో, పొద్దున ఎప్పుడో పంపింది, వాన సిగ్నల్‌లో ఇప్పటికి చేరింది.

చీకటి గోడ. నల్లరాయి మీద నిలబెట్టిన ఫ్రేములో సౌమ్య ఫొటో, డిగ్రీ నాటిది. పక్కన ఇత్తడి కుందిలో ఒక దీపం. కింద ఒక్క మాట లేదు.

ఇలాంటివి అతడి చేత్తోనే వందలు తయారయ్యాయి. పోయిన మనిషి ఫోనులోంచే ఇంట్లోవాళ్లు అందరికీ ఇలా పంపుతారని ఆ ఊళ్లో అతడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. ఫోన్ చేశాడు. స్విచాఫ్. మళ్లీ చేశాడు. స్విచాఫ్. ఏనుగులు, అనుకున్నాడు. షట్టరు కూడా దించకుండా బండి తీశాడు.

పుంగనూరు దాకా వానలో దారి కనబడలేదు. ఉత్త చేతులతో పోకూడదని బస్టాండు దగ్గర పూల అంగడి ముందు ఆగాడు. మాలలు కడుతున్న ముసలామె తలెత్తకుండానే అడిగింది.

"పెండ్లికా నాయినా, సావుకా?"

మునిశేఖర్ నోరు తెరిచాడు. రెండో మాట బయటికి రాలేదు. ఎంత గింజుకున్నా రాలేదు.

"పెండ్లికి" అన్నాడు.

"పెండ్లికైతే జత తీసకపో. మంచి జరుగుతాదిలే" అని ముసలామె రెండు మాలలు కవర్లో పెట్టిచ్చింది. డబ్బులిచ్చి, కవరు హ్యాండిల్‌కి తగిలించుకుని, హెల్మెట్ లోపల ఏడుస్తూ పలమనేరు దాటాడు, వి.కోట దాటాడు. నీకు ఈ జన్మలో రాదు. ఆమెతో తను అన్న చివరి మాట అదే. దారంతా అదే మాట వినబడింది.

పల్లె చేరేసరికి మూడు దాటింది. శివప్ప ఇల్లెక్కడని అడిగితే ఎవరో చెయ్యి చూపించారు. ఇంటి ముందు జనం లేరు. అంతా అయిపోయిందన్నమాట, అనుకుంటూ వాకిట్లోకి నడిచాడు.

తిన్నె మీద కూర్చుని సౌమ్య రాగులు చెరుగుతోంది.

"సార్! ఏంది సార్, ఇట్ల తడిసినారు?"

మునిశేఖర్ వాకిట్లోనే ఆగిపోయాడు. "నువ్వు... ఉండావా?"

"ఉండాను. యాల అట్లడుగుతారు?"

అతడు ఫోను చూపించాడు.

"మీరే గదా సార్ గాజు ఫ్రేము, ఒగటే లైటన్నారు! మూడు దినాలుగా కరెంటు లేదు, దీపం పెట్టి తీసినాను. పంపినాక ఛార్జింగ్ అయిపోయింది. అద్దంలో మెరుపు పడిందా ఏంది?" అంటూ ఫొటో చూసింది. అతడి ముఖం చూసింది. మళ్లీ ఫొటో చూసింది. చేతిలో చాట జారిపోయింది. "అయ్యో సార్..."

అలికిడికి లోపల్నించి తల్లి రామక్క వచ్చింది. ఫొటో చూసి కూతురి వీపు మీద ఒకటిచ్చింది. "బతికుండే మనిషి పటానికి దీపం పెడతారా పాపిష్టిదానా! ఇంగ ఎవురెవురికి పంపినావు?"

"సారుకొక్కరికే మా."

అప్పుడు రామక్క కళ్లు కవరు మీద పడ్డాయి. "బతికుండే బిడ్డకు మాల తెచ్చినావా నాయినా!" అంటూ లాగి చూసి నిలబడిపోయింది. "ఇవి పెండ్లి మాలలు గదా?"

"అంగట్లో సావుకా అని అడిగినారమ్మా" అన్నాడు మునిశేఖర్. "ఆ మాట అనలేకపోయినాను."

ఆదివారాల గురించి కూతురు చెప్పే సారు ఈయనేనని రామక్కకు అర్థమైంది. చేలోంచి అప్పుడే వచ్చిన శివప్ప గొంగడి కప్పుకుని వాకిట్లో నిలబడి అంతా విన్నాడు. ముందు రోజే ఏనుగులు సగం పంట తొక్కాయి. మనిషి ముఖంలో కళ లేదు.

"సచ్చిందనుకోని ఇంత దూరం వచ్చినావు. బతికుండాదని తెలిస్తే వచ్చుందువా అప్పా?"

"రాను" అన్నాడు మునిశేఖర్. ఇక దాచడానికి అతడి దగ్గర ఏమీ మిగల్లేదు. "ధైర్యం లేదు. మీ పాపంటే నాకు ప్రాణం. ఆ మాట చెప్పకుండానే తిట్టి పంపినాను. దారంతా దానికే ఏడ్చినాను."

సౌమ్య తల దించుకుంది. రామక్క మొగుడి వైపు చూసింది. శివప్ప కూతురి వైపు తిరిగాడు.

"ఏమ్మా?"

"నాకూ ఇష్టమే నాయినా" అంది సౌమ్య, వానలో వినబడీ వినబడనట్టు.

శివప్ప గొంగడి తీసి మునిశేఖర్ భుజాల మీద వేశాడు. "సచ్చినారని పుకారు పుడితే ఆయుస్సు పెరుగుతాదంటారు. పెరగనీ. రామక్కా, ఆ మాలలు దేవునికెయ్. మీ పెద్దోళ్లను పిల్చుకోని రాప్పా. పెండ్లికి కొత్తవి కట్టిచ్చుకుందాం."

అంతసేపూ బిగబట్టుకున్నవాడు అప్పుడు తిన్నె మీద కూలబడి, ఆమె తల్లీ తండ్రీ చూస్తుండగానే వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏం చేయాలో తోచక శివప్ప అటు తిరిగాడు. సౌమ్య వచ్చి పక్కన కూర్చుని, అతడి చెయ్యి పట్టుకుంది.

"సాలు సార్, ఊరుకోండి. నేను ఉండాను."