పేరు చెప్పని పసరు

అమరావళి రాజ్యంలో ఒక వింత పట్టింపు ఉండేది. మందు పేరు పైకి చెబితే దాని గుణం పోతుందని అందరూ నమ్మేవారు. అందుకని రాజవైద్యుడు వామదేవుడు తన మాత్రల సంగతి ఎవరికీ చెప్పేవాడు కాదు. ఇంటింటా పసర్లు నూరే ముసలమ్మలూ అంతే. దానివల్ల రోగం తగ్గేదో లేదో గాని, మందిచ్చినవారి గొప్ప మాత్రం నిలిచేది.

ఒక యేడు మహారాణి మత్తునిద్రలోనే కన్నుమూసింది. నెల తిరక్కుండానే రాజు సింహకేతుడికీ అదే మత్తు కమ్మింది. పిలిస్తే పలకడు. ఊపిరి సన్నగా ఆడుతోంది. ఉత్తరపు కొండల్లోని కరాళి అనే రాక్షసి శపించిందని ఆస్థానం తేల్చింది. రాజు ఒక్కగానొక్క కూతురు సువర్చల, తల్లి పోయిన దుఃఖం తీరకముందే తండ్రిని కూడా పోగొట్టుకోలేక, కత్తి పట్టి గుర్రమెక్కింది.

దారిలో నిప్పులు కురిసే లోయను తడి కంబళి కప్పుకుని దాటింది. అవతల రెండు తలల సింహం అడ్డం వచ్చి గుర్రాన్ని చంపింది. ఆ మాంసం కోసం రెండు తలలూ కొట్లాడుకుంటుంటే, సువర్చల ఏడుస్తూనే తప్పించుకుని కరాళి గుహ చేరి కత్తి ఎత్తింది.

ముసలి రాక్షసి కదల్లేదు. "నన్ను చంపితే మీ నాన్న లేవడమ్మా. నేనెవర్నీ శపించలేదు. ఈ మడుగులోకి చూడు" అంది.

నీళ్ళలో తండ్రి శరీరం కనబడింది. అందులో వైద్యుడి గుండెనొప్పి మాత్ర ఎర్రచేప రూపంలో ఈదుతోంది. దానికి ఎదురుగా ఒక పచ్చచేప వచ్చింది. రెండూ కలిసి నల్లత్రాచై రాజు ఊపిరిని చుట్టుకున్నాయి. పచ్చచేప ఏమిటో సువర్చలకు తెలిసిపోయింది. నిద్రపట్టని తండ్రికి తాను పాలలో కలిపి ఇస్తున్న ఆకుపసరు అది. అంతకుముందు తల్లికీ అదే ఇచ్చింది. సువర్చల ఎత్తిన కత్తి కింద పెట్టేసింది.

"మాత్ర మంచిదే, పసరూ మంచిదే. కలిస్తేనే చావు" అంది కరాళి. "ఎవరేమిచ్చారో నోరు విప్పి చెప్పుకోవాలి. వేరే మంత్రం లేదు."

కరాళి పిలిచిన గండభేరుండ పక్షి సువర్చలను కోటలో దించింది. ఆమె నిండు సభలో పసరు పేరు చెప్పింది. వామదేవుడు పాలిపోయి, తన మాత్ర పేరు చెప్పాడు. రాణికీ అదే ఇచ్చానని, మత్తును రోగమనుకుని మోతాదు పెంచానని ఒప్పుకున్నాడు. తిలాపాపం తలా పిడికెడు. రెండు మందులూ ఆపి, రాజును పక్కకు తిప్పి పడుకోబెట్టి, వంతులవారీగా ఊపిరి కనిపెట్టుకుని కూర్చున్నారు. క్రమంగా మత్తు విడి రాజు కళ్ళు తెరిచాడు. జరిగినదంతా విన్నాడు.

"మీ అమ్మకూ ఆ పాలు ఇచ్చావా తల్లీ?" అని అడిగాడు.

"ఇచ్చాను నాన్నగారూ. నా చేత్తోనే తాగించాను."

రాజు గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చాడు. తరువాత కూతురి చేయి తీసుకుని గుండెమీద పెట్టుకున్నాడు.

మరుసటి యేడు ఆమెకు పట్టం కట్టాడు. మందిచ్చేవారు దాని పేరు చెప్పాలనీ, ముందు ఎవరేమిచ్చారో అడగాలనీ సువర్చల మొదటి శాసనం చేసింది. తరువాత ఎందరో రోగులు బతికి, ఆమెను అమ్మా అని పిలిచారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా సువర్చల ఒక్క క్షణం తల దించుకుని, అప్పుడు పలికేది.