చెత్త బండి పాట

బాహుదా పొంగి, మదనపల్లెలో టమాటా పెట్టెలు వంతెన దాకా తేలుకుంటూ పోయిన ఏడు అది. నీళ్లు తీశాక సంగీత కళాశాలలో ఒక కొత్త నియమం పెట్టారు. చివరి సంవత్సరం పిల్లలు మూడు నెలలు ఏదైనా ఊరికి పనికొచ్చే పని చేయాలి. ఆ ఊరివాళ్లు సంతకం పెడితేనే పట్టా.

వయొలిన్ నేర్చుకునే ఎడ్విన్‌కు పుంగనూరు పడింది. చెత్త బండికి పాట కట్టాలి. తరగతంతా నవ్వింది. అతను నవ్వలేదు. కుప్పంలో ఒక బడివాళ్లు సంగీతం మాస్టరుగా రమ్మన్నారు. జూన్ లోపల పట్టా చూపించకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

సంతకం పెట్టాల్సింది వార్డు సచివాలయంలో పారిశుధ్యం చూసే ప్రిస్కిల్లా. కుప్పం పిల్ల. మొదటి రోజు అతని భుజానున్న వయొలిన్ పెట్టెను ఎగాదిగా చూసింది.

"ఏమప్పా, దీంతో చెత్త ఎత్తుతావా?"

"పాట కడతా మేడం," అన్నాడు. ఆమె కళ్లలో నవ్వు చూసి పెట్టెను వీపు వెనక్కి జరుపుకున్నాడు.

వారంలో పాట తయారైంది. సోమవారం పొద్దున బండి మైకులో ఆ పాటతో మిషన్ వీధిలోకి మలుపు తిరిగింది. ఒక్క బుట్ట బయటికి రాలేదు. ఆడవాళ్లు చెంగు తల మీదికి లాక్కుని గుమ్మాల్లో నిలబడ్డారు. మగవాళ్లు మఫ్లర్లు తీసి చేత పట్టుకున్నారు. రెజీనమ్మ అనే ముసలావిడ బండి దగ్గరికొచ్చి, డ్రైవరు మహేష్‌ను మెల్లగా అడిగింది.

"యారప్పా పోయింది?"

ఎడ్విన్ పన్నెండో ఏటి నుంచి చర్చిలో భూస్థాపనలకు వాయించేవాడు. వయొలిన్ కమాను పట్టగానే చేయి అలవాటైన దారినే పోయింది. ఆ సంగతి అతనికే తెలియలేదు.

ప్రిస్కిల్లా రిజిస్టరు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. ఆ పొద్దున కుప్పంలో ఉన్న తన తల్లి గ్లోరీకి వినిపిద్దామని ఫోను కూడా పట్టిందట.

"మాయమ్మ గూడా అదే అడిగింది, యారు పోయినారని. ఇట్లయితే సంతకం యెట్ల పెట్టేదప్పా?"

అప్పటి నుంచి అతను రోజూ బండి వెనకాల నడిచాడు. ఏ వీధి ఏ చప్పుడుకు తలుపు తీస్తుందో వింటూ. ఆమె కూడా నడిచేది. తనిఖీ అని చెప్పేది. అంత తనిఖీ అంతకుముందు ఎప్పుడూ లేదని మహేష్ అన్నాడు.

ఏప్రిల్లో ఒక పొద్దున ఉన్నట్టుండి వాన దిగింది. ఇద్దరూ మూసిన అంగడి చూరు కింద నిలబడ్డారు. అంతలో సైకిలు మీద బన్నులమ్మే ఖైసర్ అరుచుకుంటూ వచ్చాడు. వానలోనే తలుపులు తెరుచుకున్నాయి. పళ్లాలు నెత్తిన పెట్టుకుని జనం పరిగెత్తుకొచ్చారు.

ఎడ్విన్ చెవి రిక్కించాడు.

"వాడు చివర్న కిందికి దించడం లేదు," అన్నాడు. "పైనే ఆపుతాండాడు, ఏదో అడిగినట్టు. అడిగితే జవాబు చెప్పేదానికి జనం వస్తారు. నేను దించేస్తాండా. దించితే అయిపోయిందని తలుపేసుకుంటారు."

అతను అన్ని మాటలు ఒకేసారి మాట్లాడడం అదే మొదలు. ఆమె అతని వైపు తిరిగింది.

"నువ్వు మాట్లాడినా అంతే గదా," అంది. "ముగించేస్తావు. ఏమీ అడగవు."

అతను చూరు నీళ్లు చూస్తూ నిలబడ్డాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

కొత్త పాటలో చివరి స్వరాన్ని పైనే వదిలేశాడు. మిషన్ వీధిలో తడి చెత్త, పొడి చెత్త రెండు బుట్టల్లో బయటికొచ్చాయి. పక్క వీధి అబ్దుల్ రహీం బ్రష్షు నోట్లో ఉండగానే వచ్చాడు. ప్రిస్కిల్లా రోజూ ఫోనులో తల్లికి వినిపించేది. ఈ బండి మన కుప్పానికి ఎప్పుడొస్తుందే అని ఆ తల్లి రోజూ అడిగేది.

చివరి రోజు ప్రిస్కిల్లా కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చింది. కింద పెన్సిలుతో ఒక మాట ఉంది. 'పాటలో అడగడం నేర్చుకున్నాడు. నోటితో ఇంకా నేర్చుకోవాలి.'

"కాలేజీకి ఇచ్చే ముందు చెరిపెయ్యి," అంది కిటికీ వైపు తిరిగి.

అతను రెండుసార్లు చదివాడు. "అడుగుతా," అన్నాడు.

"నన్నెందుకు? నా జవాబు నాకు తెలుసు. కుప్పంలో మాయమ్మను అడుగు."

మర్నాడు పొద్దున అతను తొలి బస్సెక్కి, వి.కోటలో మారి, కుప్పంలో దిగాడు. గ్లోరీ ఇంటి ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. మాట రాలేదు. పెట్టె తెరిచి, ఆ పాటే వాయించి, చివరి స్వరాన్ని పైనే ఆపాడు.

తలుపు తెరుచుకుంది. గ్లోరీ రెండు చేతుల్లో రెండు చెత్త బుట్టలతో గబగబా బయటికొచ్చి, వీధి అటూ ఇటూ చూసింది.

"బండి యాడప్పా?"

"బండి రాలేదమ్మా. నేనొక్కణ్నే వచ్చినా. మిమ్మల్ని ఒకటి అడగాల," అని, ఆమె చేతుల్లోని బుట్టలు రెండూ అందుకున్నాడు.